సీటుందట, సైకిల్‌కే లేదట

పొద్దున్నే గ్రూపులో ఎవరో ఒక రీల్ పడేశారు. ఇరవై సెకన్లు. ఎండ, ఖాళీ ప్లాట్‌ఫాం, తెరిచిన తలుపు, సైకిల్ని దొర్లించుకుంటూ నవ్వుతూ లోపలికి. కింద "ఫ్రాన్స్‌లో సైకిల్‌తో రైలు ప్రయాణం ఎంత సుఖమో" అని రాత. దాని కింద చప్పట్లు, గుండె బొమ్మలు. ఒరే నాయనా, అది టీఈఆర్ రా! ప్రాంతీయ రైలు. మంగళవారం పొద్దున పదకొండింటికి ఎక్కితే ఎవడికైనా సుఖమే. అదే బండి శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఎక్కి చూపించు, అప్పుడు నేనూ చప్పట్లు కొడతా.

టీఈఆర్ మంచిదే, కాదనను. చాలాచోట్ల సైకిల్‌కి పైసా అడగరు, ముందొచ్చినవాడిదే చోటు. వేసవిలో కొన్ని రీజియన్లలో మాత్రం సైకిల్‌కీ ముందే బుక్ చేసుకోవాలి, ఆ సంగతి రీల్లో ఉండదు. కానీ దేశం ఈ కొస నుంచి ఆ కొసకి ఇంటికి చేరాలంటే టీఈఆర్లు మారుతూ పోతే రోజు సరిపోదు. హైస్పీడ్ రైలు టీజీవీ ఎక్కాల్సిందే. అసలు సినిమా అక్కడే మొదలు. విప్పని సైకిల్ని కొన్ని టీజీవీల్లోనే ఎక్కనిస్తారు. టికెట్‌తోపాటే చోటు బుక్ చేయాలి, పది యూరోలు. మనిషికి సీట్లు బోలెడు కనిపిస్తాయి, సైకిల్ జోడించగానే రైళ్ళన్నీ మాయం. అందుకే వెతికేటప్పుడు ముందు సైకిల్‌కి చోటు చూసుకోవాలి, మనిషి సంగతి తర్వాత. మనవాళ్ళు ముందు చవక టికెట్ కొనేసి, ఆనక "సైకిల్ ఎలా బ్రో?" అని అడుగుతారు. ఎలా ఏంటి, విప్పి సంచిలో కట్టాలి!

రైల్లో ఒప్పుకునే సంచి కొలత 130 సెంటీమీటర్లు బై 90. "ముందు చక్రం తీస్తే చాలు కదా" అంటాడు ప్రతి మేధావీ. లెక్క వేసుకో స్వామీ. ఇరుసుకీ ఇరుసుకీ మధ్య దాదాపు మీటరు. వెనక చక్రం సగం ఇంకో 34. మొత్తం 134. ఆ నాలుగు సెంటీమీటర్లే మీ కొంప ముంచేది. రెండు చక్రాలూ తీయాలి, సీటు దించాలి, హ్యాండిల్ ఫ్రేముకి సమాంతరంగా తిప్పి కట్టాలి. పెడళ్ళకి 15 నంబర్ పానా, కొన్నిటికి 8 ఎంఎం అలెన్ కీ. ఎడమ పెడల్‌కి ఉల్టా మర, మామూలుగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. వెనక గేరు చిన్న పళ్ళచక్రం మీదికి దించి, గొలుసుని గేరు మార్చే డీరైలర్‌ని మర విప్పి లోపలికి మడవండి. అది బయటికి పొడుచుకుని ఉంటే మొదటి సూట్‌కేసు తగలగానే దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, ఇంక గేర్లు పడవు. హైడ్రాలిక్ డిస్కు బ్రేకయితే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టాలి. చక్రం లేనప్పుడు ఎవరైనా లీవరు నొక్కారో, ప్యాడ్లు అతుక్కుపోయి డిస్కు దూరదు.

ఇదంతా ఎక్కడ చేస్తారు? ప్లాట్‌ఫాం నంబరు తెలిసేది బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందు. తలుపులు మూసేది రెండు నిమిషాల ముందు. కాబట్టి ముందే కట్టేసుకోవాలి. కానీ చాలా రూట్లు పారిస్ మీదుగానే. అక్కడ మోంపార్నాస్ స్టేషన్లో దిగి గార్ ద లియోన్ స్టేషన్లో ఎక్కాలంటే మధ్యలో నాలుగైదు కిలోమీటర్లు. మెట్రోలో విప్పని సైకిల్‌కి దాదాపు ప్రవేశం లేదు. అంటే విప్పిన సైకిల్ బిగించు, తొక్కు, మళ్ళీ విప్పు. లేదా ఆ సంచి భుజాన వేసుకుని మెట్లు దిగు. ఏది సుఖమో రీల్ అక్కయ్య చెప్పాలి.

ఇక విప్పని సైకిల్‌కి రైల్లో ఉండే ఆ కొక్కేలు! ముందు చక్రాన్ని పైకెత్తి నిలువుగా వేలాడదీయాలట. లావు టైరు కొక్కెంలో పట్టదు, వెనక మడ్‌గార్డ్ నేలకి ఆనుకుని వంగుతుంది, సంచులు ముందే ఊడదీయాలి. పాతిక కిలోల ఎలక్ట్రిక్ సైకిల్‌ని అరవై ఏళ్ళ మనిషి ఎత్తి తగిలించాలి. పైగా ముందు దిగేవాడి సైకిల్ ఎప్పుడూ అడుగునే ఉంటుంది. ఐరోపా యూనియన్ రూలు చెబుతుంది, 2025 జూన్ తర్వాత కొత్త రైళ్ళలో, పెద్ద మరమ్మతు చేసిన రైళ్ళలో కనీసం 4 సైకిళ్ళకి చోటుండాలని. నాలుగు! అయిదుగురు కలిసి వెళ్తే అయిదోవాడు రైలెనక తొక్కుకుంటూ రావాలన్నమాట. మన సికింద్రాబాద్ పార్సెల్ ఆఫీసుని తిట్టుకుంటాం గానీ, గోనెపట్టా చుట్టి రసీదు చేతిలో పెట్టాక సైకిల్ బ్రేక్ వ్యాన్‌లో పడుకుని వస్తుంది. దాన్నెవరూ నిలువునా ఉరి తీయరు.

నిజానికి నా మంట ఈ రీల్ మీద కాదు, పారిస్-బ్రెస్ట్-పారిస్ పోస్టుల మీద. నాలుగేళ్ళకోసారి జరిగే సైకిల్ రైడ్ అది, 1200 కిలోమీటర్లు, 90 గంటల్లో, హైదరాబాద్ నుంచీ వెళ్తారు, గర్వమే. పోస్టుల నిండా మెడల్ ఫొటోలు, ఏం తిన్నామో, ఎక్కడ నిద్రపోయామో. మధ్యలో ఆగిపోయినవాడు వెనక్కెలా వచ్చాడో ఒక్కరూ రాయరు. బ్రెస్ట్‌లో ఆగితే అదృష్టం, టీజీవీ ఉంది. దారిలో కారే ఊళ్ళో ఆగితే గ్యాంగాం దాకా బుల్లి రైలు లైను. లుడెయాక్‌లో ఆగితే? ప్రయాణికుల రైలే లేదు, బస్సే. ఫుజేర్‌లోనూ అంతే. రైలు బదులు వేసే బస్సుల్లో సైకిల్ ఎక్కించుకోవడం చాలాసార్లు డ్రైవరు దయ. మోకాలు పోయి, రెండు రాత్రులు నిద్రలేక, భాష రాక రోడ్డు పక్కన నిలబడ్డవాడికి ఏ రీలూ పనికిరాదు.

2027 రైడ్‌కి ఇప్పటినుంచే జెర్సీ రంగు మీద ఓటింగులు పెడుతున్నారు. దారిలో అందేలా ముందే పంపే డ్రాప్ బ్యాగులో సైకిల్ కట్టడానికి ఒక పలచటి సంచి, పది జిప్ టైలు, ఒక టేపు చుట్ట, 15 నంబర్ పానా పడేసుకోమని మాత్రం ఒక్కడూ చెప్పడు.