సైరన్ మోగింది, బట్టలు తడిశాయి

మా ఇంట్లో వాన వస్తుందని అందరికంటే ముందు తెలిసేది నాకే, అందరికంటే ఎక్కువ తడిసేదీ నేనే.

ఆ మధ్య ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ నిలువునా తడిసిపోయి, ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, ఆ కోపంలో వాతావరణ హెచ్చరికలు పంపే సర్వీసులు ఎన్ని దొరికితే అన్నింట్లో రిజిస్టర్ అయిపోయా. యాప్ ఒకటి, ఎస్సెమ్మెస్ ఒకటి, మెయిల్ ఒకటి. ఏయే హెచ్చరికలు కావాలో చెప్పమని పెద్ద లిస్టు ఇచ్చారు, పిడుగులు, ఈదురుగాలులు, వరద, వడగాడ్పులు, పొగమంచు, భూకంపం, సునామీ... ఒక్కోదానికి టిక్ పెట్టే ఓపిక లేక 'అన్నీ' నొక్కేశా. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన వాడిని, నాకు సునామీ ఎందుకో అప్పుడు తట్టలేదు. తర్వాత 'ఇంకో ప్రదేశం కలపాలా?' అని అడిగింది. ఎవరైనా మర్యాదగా అడిగితే కాదనలేను. అత్తగారి ఊరు, తమ్ముడి ఊరు, పెళ్లయిన కొత్తలో వెళ్దామనుకుని ఇప్పటికీ వెళ్లని హిల్ స్టేషన్, అన్నీ కలిపేశా.

వారం తిరక్కుండానే ఒకరోజు రాత్రి 2 గంటలకి ఫోన్ గీమంది. కళ్లు సగమే తెరిచి చూస్తే 'తీవ్రమైన ఈదురుగాలులు, వెంటనే సురక్షిత ప్రాంతానికి వెళ్లండి' అని ఉంది. ఇంకేముంది, లైట్లన్నీ వేసి, కిటికీలన్నీ మూసి, బట్టలన్నీ లోపలికి లాగి, బామ్మని లేపి, పిల్లాడిని భుజానేసుకుని, మా ఆవిడ చేతికి టార్చి ఇచ్చి హాల్లో నిలబెట్టా. పావుగంట అలాగే నిలబడ్డాం. ఆకు కదల్లేదు. బామ్మ తలుపు తీసి ఆకాశం వైపు చూసి "ఒరేయ్, చుక్కలు లెక్కపెట్టుకోవచ్చురా" అని వెళ్లి పడుకుంది. అప్పుడు మెసేజ్ మళ్లీ చదివితే అది తమ్ముడి ఊరికి వచ్చింది. గుండె జారిపోయి వెంటనే వాడికి ఫోన్ చేశా, ఆరు రింగులకి ఎత్తాడు.

"ఒరేయ్ నువ్వు క్షేమమేనా? కిటికీలు వేశావా?"

"అన్నయ్యా, నేను ఆ ఊరు వదిలేసి ఏడాదైంది. గృహప్రవేశానికి నువ్వే కదా ముందొచ్చింది."

మర్నాడు మా ఆవిడ ముఖం చూసి, కాస్త గౌరవం నిలబెట్టుకుందామని ఈ హెచ్చరికలు ఎలా తయారవుతాయో చెప్పడం మొదలుపెట్టా. ఇది నేను చేసిన రెండో తప్పు. ఈ మెసేజిలకి క్యాప్ అని ఒక ఫార్మాట్ ఉంటుంది, కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, 2004లో ఖరారైంది, ప్రతి హెచ్చరికలో మూడు సంగతులు విడివిడిగా రాయాలి అని చెప్పా. అర్జెన్సీ అంటే ఎంత తొందర, సివియారిటీ అంటే ఎంత తీవ్రం, సర్టెన్టీ అంటే ఎంత కచ్చితం. వీటితోపాటు స్టేటస్ అని ఒకటుంటుంది, ఇది నిజమైనదైతే 'యాక్చువల్', ఉత్తుత్తిదైతే 'టెస్ట్', డ్రిల్లు అయితే 'ఎక్సర్‌సైజ్'. చాలా శ్రద్ధగా వింది. అంత శ్రద్ధగా ఆవిడ నా మాట విన్న సందర్భం ఇంకోటి గుర్తులేదు, అప్పుడైనా అనుమానం రావాల్సింది.

ఆ సాయంత్రం నుంచి మొదలు. "ఏవండీ, కుళాయి కట్టలేదు. అర్జెన్సీ ఇమీడియట్, సివియారిటీ మోడరేట్, సర్టెన్టీ అబ్జర్వ్డ్." మా అత్తగారు వస్తున్నారన్న వార్త కూడా అదే ఫార్మాట్లో వచ్చింది, సివియారిటీ దగ్గర మాత్రం ఆగి నా ముఖం చూసింది. నేనేమీ అనలేదు.

ఇదిలా ఉండగా ఒకరోజు ఇంటి నుంచే ఆఫీసు మీటింగు, నేనే స్లైడ్లు చూపిస్తున్నా, ఫోన్ సైలెంట్లో పెట్టా, మైకు ఆన్‌లో ఉంది. సరిగ్గా పై బాసు "వాట్ ఈజ్ ద రిస్క్ హియర్?" అని అడిగిన క్షణంలో ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా సైరన్ మోగించాయి. నాది, మా ఆవిడది, బామ్మ దిండు కింద ఉండేది కూడా. ఇది నేను రిజిస్టర్ అయిన సర్వీసులు పంపింది కాదు, సెల్ బ్రాడ్‌కాస్ట్ అని వేరే పద్ధతి. దీనికి మన నంబరుతో పని లేదు, టవరు ఒక్కసారి పంపితే దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ చేరుతుంది, ఎస్సెమ్మెస్‌లా ఒక్కో నంబరుకి క్యూ కట్టదు, సైలెంట్లో ఉందా లేదా అని చాలా ఫోన్లు చూసుకోవు కూడా. మంచి ఏర్పాటే, కాదనను. కానీ నేను బాసుకి ఏం సమాధానం చెప్పాలి? తెర మీద నా వెనకాల బామ్మ చేతిసంచీతో, చెప్పులు వేసుకుని, గుమ్మం వైపు పరిగెడుతోంది, కెమెరాలో పదిహేనుమంది చూశారు. మెసేజ్ తెరిస్తే 'ఇది టెస్ట్ మాత్రమే, మీరు ఏమీ చేయనక్కర్లేదు'. అది చదివేలోపు బామ్మ వీధి చివర ఉంది.

రాత్రి మా ఆవిడ ఇంకా నవ్వుతుంటే ఉక్రోషం వచ్చి హవాయి సంగతి తీశా. 2018 జనవరి 13 పొద్దున్న 8 దాటాక అక్కడ జనం ఫోన్లకి 'క్షిపణి వస్తోంది, ఇది డ్రిల్ కాదు' అని మెసేజ్ వెళ్లింది, తీరా చూస్తే డ్రిల్లే, పొరపాటున అసలుదే పంపేశారు, అది తప్పని మళ్లీ ఫోన్లకి మెసేజ్ రావడానికి 38 నిమిషాలు పట్టింది, ప్రభుత్వాలకే అలా అయితే నేనెంత అన్నా.

"వాళ్లు 38 నిమిషాల్లో తప్పని చెప్పారు" అంది. "మన పెళ్లయి పదకొండేళ్లు."

దాంతో యాప్ నోటిఫికేషన్లన్నీ ఆపేశా. ఎస్సెమ్మెస్ కూడా వద్దని పంపేశా. మెయిల్ సంగతి మర్చిపోయా. ప్రాణం హాయిగా ఉంది.

మొన్న రాత్రి 2 గంటలకి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆ రోజు నీ ఫోన్ వచ్చాక నేనూ యాప్ వేసుకుని మీ ఊరు పెట్టుకున్నా. గంటలో మీ దగ్గర భారీ వానట, బట్టలుంటే లోపల వేసుకోండి."

పగ తీర్చుకుంటున్నాడని అర్థమైపోయింది, నేనేమన్నా వెర్రివాడినా. "మేం ఇల్లు మారి ఏడాదైందిరా" అని పెట్టేసి, ఆ జోకుకి నేనే మురిసిపోయి, అటు తిరిగి పడుకున్నా.

పొద్దున లేచి డాబా ఎక్కితే రెండు దుప్పట్లు, పిల్లాడి యూనిఫాం, ఆ రోజు ఆఫీసుకి వేసుకోవాల్సిన నా ప్యాంటు, అన్నీ తీగ మీద నుంచి జారి నీళ్లలో తేలుతున్నాయి. జేబులో ఫోన్ టింగుమంది, మెయిల్. 'మీ ప్రాంతంలో రానున్న గంటలో భారీ వర్షం కురిసే అవకాశం.' తల ఎత్తితే ఎండ కళ్లల్లో పడింది.

మా ఆవిడ ఒక దుప్పటి అంచు నా చేతికిచ్చి రెండో అంచు తను పట్టుకుని మెలితిప్పుతూ, నీళ్లన్నీ నా కాళ్ల మీద కారుతుంటే, చాలా నిదానంగా చదివింది.

"అర్జెన్సీ, పాస్ట్. సర్టెన్టీ, అబ్జర్వ్డ్. స్టేటస్, యాక్చువల్."