గులిమికి 14,000 అట!

ఇప్పుడే పంజాగుట్ట, అక్కణ్నుంచి ఇంకో చోటు తిరిగి ఇల్లు చేరాను. ఒళ్లు మండిపోతోంది. తప్పులుంటే సర్దుకోండి.

నాన్న కుడి చెవి మిషన్ మూడు రోజులుగా పలకడం లేదు. కొన్న షాపుకే తీసుకెళ్లాం. ఏసీ, మెత్తటి సోఫా, చేతికి చల్లటి నీళ్ల సీసా. ఆ అమ్మాయి మిషన్‌ను అటూ ఇటూ తిప్పి, "రిసీవర్, అంటే చెవిలోకి శబ్దం పంపే చిన్న స్పీకర్, పోయింది సార్, 14,000 అవుతుంది. ఎలాగూ పాత మోడల్, కొత్తది తీసుకుంటే ఎక్స్ఛేంజ్ ఇస్తాం" అంది. పాతదట! కొని మూడేళ్లు. జత 1,70,000. మా ఫ్రిజ్‌కు పదిహేనేళ్లమ్మా, ఇంకా ఐసు పెడుతోంది. పైగా వినికిడి మిషన్ మీద జీఎస్టీ సున్నా. బిల్లు మొత్తంలో నాకు నచ్చిన అంకె అదొక్కటే.

ఆలోచించుకుని వస్తామని చెప్పి, నాన్నను ఆటో ఎక్కించి సర్కారు ఆసుపత్రికి పోయా. రెండు గంటలు ఓపీ చీటీ పట్టుకుని నిలబడ్డాం. కూర్చోమన్నవాడు లేడు, కూర్చుందామంటే బెంచీ లేదు. కానీ లోపలున్న ఆడియాలజిస్టు మిషన్ చివరి రబ్బరు టోపీ పీకి, లైటు కింద చూసి, "ఫిల్టర్‌లో గులిమి నిండిందమ్మా" అన్నాడు. ఆవగింజంత తెల్ల ఫిల్టర్. దానికో చిన్న పుల్ల. ఒక కొసతో పాతది లాగాడు, రెండో కొసతో కొత్తది నొక్కాడు. నాన్న తల పైకెత్తి, "ఆ ఫ్యాన్ కిర్రుమంటోంది, నూనె వెయ్యండయ్యా" అన్నాడు.

"మొదటే సర్కారు మిషన్ తీసుకోవాల్సింది" అని కామెంట్ పెట్టబోతున్న మహానుభావులారా, ఆగండి. వెళ్లాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ వినికిడి పోతేనే వినికిడి లోపం ఉన్నవాళ్ల లెక్కలోకి వస్తారు. నాన్నకు కుడి చెవి 65, ఎడమ చెవి 52. సర్టిఫికెట్ రాలేదు, ఉచిత మిషన్ రాలేదు. ముప్పై ఏళ్లు బస్సు ఇంజన్ పక్కన కూర్చుని డ్రైవింగ్ చేసిన మనిషి, ఇంకో ఎనిమిది డెసిబెల్స్ పోగొట్టుకుని రావాలి కాబోలు. మా వీధి వినాయకుడి డీజే ముందు ఒక్క రాత్రి నిలబెడితే ఆ ముచ్చటా తీరేది.

అసలు అంత ఖరీదుది కొనిపించింది ఎవరు? మా బావగారు! సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ పరీక్ష చేయించి, చెవి వెనక పెట్టుకునే మామూలు మోడల్ కొందామన్నాను. "మామయ్యకు అంత బండ మిషనా? పెళ్లిలో మావాళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. మిషన్ ఎవరికీ కనపడకూడదట. ఆయన చేతి బ్రాస్‌లెట్ మాత్రం అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు కనపడాలి. ఒక్క రూపాయి ఇచ్చాడా? ఈఎంఐలు కట్టింది నేను. తీరా ఆ పెళ్లిలో నాన్న ఏదో అడిగితే, ముఖం పక్కకు తిప్పుకుని, "మీకు చెప్పినా అర్థం కాదులే మామయ్యా" అన్నాడు. చెవిలో 1,70,000 మిషన్లు పెట్టుకుని మరీ విన్నాడు నాన్న ఆ మాట.

ఇందాక ఆ గులిమి ఫిల్టర్‌ను అరచేతిలో పెట్టుకుని ఫొటో తీసి బావగారికి పంపా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అంతే, ఉలుకూ పలుకూ లేదు.