25 అడుగుల మడి

దాహంతో ఉన్నవాడికి మంచినీళ్లిస్తే పుణ్యం అని చెప్పిన మన పెద్దవాళ్లెవరూ అమెరికాలోని జార్జియా రాష్ట్రం వెళ్లినట్టు లేదు. వెళ్లుంటే కింద చిన్న అక్షరాల్లో ‘ఓటు క్యూలో ఉన్నవాడికి వర్తించదు’ అని కూడా రాసి ఉండేవాళ్లు. అక్కడ అది నేరం. ఏడాది దాకా జైలు, 1,000 డాలర్ల దాకా జరిమానా.

ఆల్ఫారెట్టాలో ఉండే మా మేనల్లుడి పుణ్యమా అని నాకీ సంగతి తెలిసింది. అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. నలుగురు తెలుగువాళ్లు చేరితే అన్నదానమో చలివేంద్రమో పెట్టకుండా ఉండలేరు. పోలింగ్ రోజున క్యూ దగ్గర మజ్జిగ పోద్దామని వీళ్లకి సరదా పుట్టింది. అల్లం, కరివేపాకు కూడా లెక్క వేసుకున్నాక ఎవరో లాయరు చెప్పాడట, బాబూ, లోపలేస్తారని. “మజ్జిగకి జైలేంటి మావయ్యా?” అన్నాడు వాడు. చూసి చెప్తానన్నాను. చూశాను. అప్పట్నుంచీ మజ్జిగ తాగాలంటే అటూ ఇటూ చూసి తాగుతున్నాను.

గవర్నర్ బ్రయన్ కెంప్ 2021 మార్చి 25న తలుపులేసుకుని ఈ చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ తలుపు తట్టిన పాపానికి పార్క్ కానన్ అనే శాసనసభ్యురాలికి బేడీలు వేసి తీసుకుపోయారు. చట్టం 98 పేజీలు. అందులో మన మజ్జిగ సెక్షను ఏమంటుందంటే, పోలింగ్ జరిగే భవనానికి 150 అడుగుల లోపల గానీ, క్యూలో నిలబడ్డ ఏ ఓటరుకైనా 25 అడుగుల లోపల గానీ ఎవరూ డబ్బు, కానుకలు ఇవ్వకూడదు. కానుకలంటే తిండీ, నీళ్లూ కూడా.

150 అడుగులు సరే, భవనం ఎక్కడికీ పోదు, సున్నంతో గీత గీయచ్చు. ఆ 25 అడుగులతోనే నాకు టెన్షన్. ఓటరు కదులుతాడు కదా. అతనితో పాటు ఆ 25 అడుగులూ కదులుతాయి. అంటే ఓటరు మడి కట్టుకున్నాడన్నమాట. మా నాయనమ్మ మడిలో ఉన్నప్పుడు వంటింట్లోంచి “దూరం, దూరం” అని అరుస్తూ వచ్చేది. మేం గోడకి అతుక్కుపోయేవాళ్లం. ఆవిడ మడి మూడడుగులే. జార్జియావాళ్లది మరీ నిష్ఠ.

ఒక్కసారి ఊహించుకోండి. క్యూలో ఒక ముసలమ్మ. నీళ్ల సీసా పట్టుకుని ఒక కుర్రాడు. మధ్యలో టేపుతో ఒక కానిస్టేబుల్. కుర్రాడు సరిగ్గా 26 అడుగుల దగ్గర నిలబడ్డాడు, చట్టమంటే గౌరవం ఉన్నవాడు. క్యూ రెండడుగులు జరిగింది. కుర్రాడు రెండడుగులు వెనక్కి వేశాడు. వెనకాల క్యూ మెలిక తిరిగి ఉంది, అక్కడ ఇంకో ఆయన మడి తగిలింది. పక్కకి దూకాడు. పక్కన గర్భిణి, ఆవిడ మడి ఆవిడది. చివరికి కుర్రాడు రోడ్డు మధ్యలో తేలాడు. అక్కణ్ణుంచి కేకేశాడు: “అమ్మా, దాహంగా ఉందా?” “ఉంది నాయనా.” “సరే, ఓటేసి రండి, ఇక్కడే ఉంటాను.” కానిస్టేబుల్ టేపు చుట్టుకుని, తన సీసా మూత తీసి గటగటా తాగాడు. ఆయన ఓటరు కాదు కదా.

ఇంత నిష్ఠ ఎందుకయ్యా అంటే, నీళ్ల వంకతో ఓట్లు కొంటారట, ప్రచారం చేస్తారట. ఇక్కడ నాకు మన జాతి తరఫున కాస్త అభిమానం దెబ్బతింది. ఓటు ధర సంగతి మనకి చెప్తారా? మన దగ్గర కవర్లో పెట్టిచ్చినా, బిర్యానీ, దాని పక్కన సీసా (నీళ్లది కాదు) ఇచ్చినా ‘అవతలివాడెంత ఇస్తున్నాడు’ అని అడుగుతారు. నీళ్ల సీసాకి ఓటు వస్తుందని తెలిస్తే మన నాయకులు ఈపాటికి విమానాలెక్కి ఉండేవాళ్లు. ఇన్ని వేషాలున్న మన దేశంలో కూడా పోలింగ్ కేంద్రంలో తాగునీళ్లు, నీడ ఉండాలని ఎన్నికల సంఘం రాసి పెట్టింది.

నిజం చెప్పాలి, జార్జియా చట్టానికీ జాలి ఉంది. పోలింగ్ అధికారి కావాలంటే నీళ్లు పెట్టించచ్చు, ఎవరికి వారు పట్టుకుని తాగేలా. దాని పక్కన మాత్రం మనిషి ఉండకూడదు. కుండ ఉండచ్చు, ముంతతో పోసే చెయ్యి ఉండకూడదు. మా నాయనమ్మా అంతే, “చెంబు అక్కడ పెట్టి దూరం వెళ్లరా” అనేది. క్యూ గంట దాటితే పెద్ద బూత్‌ని చీల్చాలనో, సిబ్బందిని పెంచాలనో కూడా ఒక ముక్క రాశారు. అది వచ్చే ఎన్నికకి. ఇవాళ్టి దాహానికి మడి. 2023 ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి, 150 అడుగుల అవతల ఈ 25 అడుగుల గోల ఆపండన్నాడు. గీత లోపలి మడి అలాగే ఉంచాడు.

అసలు క్యూ పది గంటలెందుకు ఉండాలి? 2020 అక్టోబరులో జార్జియాలో కొన్నిచోట్ల అంతసేపూ నిలబడ్డారు. దీనికి వాషింగ్టన్‌లో మందు తయారైంది కూడా. ఫ్రీడమ్ టు ఓట్ బిల్లులో, క్యూ 30 నిమిషాలు దాటకుండా చూడాలి, నీళ్లిచ్చేవాళ్లని రాష్ట్రాలు ఆపకూడదు, పోలింగ్ రోజు సెలవివ్వాలి అని ఉంది. ప్రతినిధుల సభ దాన్ని పాస్ చేసింది. 2022 జనవరి 19న సెనేట్‌కి వచ్చింది. అక్కడ బిల్లుని ఓటింగ్‌కి రానివ్వకుండా అడ్డుకునే ఫిలిబస్టర్ అనే ఆచారం ఉంది, దాన్ని దాటాలంటే 60 ఓట్లు కావాలి. రాలేదు.

పూర్వం బిల్లుకి అడ్డుపడేవాడు కనీసం కాళ్ల మీద నిలబడేవాడు. 1957లో స్ట్రోమ్ థర్మండ్ అనే సెనేటర్ పౌరహక్కుల బిల్లు మీద 24 గంటల 18 నిమిషాలు నిలబడి మాట్లాడాడు. దుర్మార్గమే, కానీ మోకాళ్లు ఆయనవే. ఇప్పుడు నిలబడక్కర్లేదు, అడ్డుపడతానని కబురు పెడితే చాలు. అందుకని డెమొక్రాట్లు, ఈ ఒక్క బిల్లుకి పాత పద్ధతిలో నిలబడి మాట్లాడండి అన్నారు. అదీ 48-52తో ఓడిపోయింది. వాళ్లలోనే ఇద్దరు, జో మాంచిన్, కిర్‌స్టెన్ సినెమా, అవతలివాళ్లతో కలిశారు. సెనేట్‌లో సభ్యుడికి దాహమేస్తే నీళ్లు తెచ్చివ్వడానికి పిల్లలున్నారు. పాలు తాగచ్చు. 1965 నుంచీ ఒక బల్ల సొరుగు నిండా చాక్లెట్లు పెడుతున్నారు. అంత ఏర్పాటున్నా నిలబడం అన్నారు.

ఆ 1965లోనే మార్చి 7న, నల్లవాళ్ల ఓటు హక్కు కోసం అలబామాలోని సెల్మా వంతెన మీద నడిచిన నల్లజాతి నాయకుడు జాన్ లూయిస్ తల పగలగొట్టారు పోలీసులు. తరవాత ముప్ఫయ్యేళ్లకి పైగా అట్లాంటా నుంచి కాంగ్రెస్‌లో ఉన్నాడు. 2020 జులైలో పోయాడు. తొమ్మిది నెలలు తిరక్కుండా ఆయన రాష్ట్రంలోనే ఈ నీళ్ల చట్టం. సెనేట్‌లో ఆపిన ఆ బిల్లుకి ఆయన పేరే కలిపారు, ఆపి మరీ సంతాపాలు చెప్పారు. సిగ్గుండాలి. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగాలో చెప్పే గవర్నమెంటు ఆ గడ్డకి కొత్త కాదు, తెల్లవాళ్లకో కుళాయి, నల్లవాళ్లకో కుళాయి పెట్టిన గడ్డే అది. మన హోటళ్లలో రెండు గ్లాసులు పెట్టిన బుద్ధీ ఇదే, అందుకే చదవగానే నాకు వాసన తెలిసింది. ఆ క్యూలు ఎవరి పేటల్లో పెరుగుతాయో రాసినవాళ్లకి తెలీదనుకోకండి. తెలిసే రాశారు.

నిన్న మేనల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. మజ్జిగ మానేశారట. పోలింగ్ అధికారి ఒప్పుకుంటే ఆయనకే ఒక మట్టికుండ ఇచ్చేసి, వీళ్లు గీత అవతలికి వెళ్లిపోతారట. గ్లాసు ఎవరూ పట్టుకుపోకుండా గొలుసుతో కట్టాలి, మన బస్టాండులో కట్టేది ఎంత పొడుగుంటుంది మావయ్యా అని అడిగాడు.