దుమ్మెత్తిపోస్తున్నందుకు మన్నించాలి

మహారాజశ్రీ రోడ్డు ఊడ్చే యంత్రం వారికి,

ఈ ఉదయం దారి పొడవునా తమరే దుమ్మెత్తిపోశారు కనుక, బదులుగా మేమూ కాస్త ఎత్తిపోస్తున్నాం. ఏమీ అనుకోకండి.

పక్క బ్రష్షులు గిర్రున తిరుగుతున్నాయి, నెత్తిన పసుపు దీపం వెలుగుతోంది, హారన్ అయితే భేషుగ్గా ఉంది. నీళ్లొక్కటే లేవు. బ్రష్షు దగ్గరుండే ఆ చిన్న నాజిళ్లు అలంకారానికి పెట్టినవి కావు స్వామీ! ముందు అవి దుమ్మును తడపాలి, తర్వాత బ్రష్షు మధ్యకు తోయాలి, ఆపైన ఫ్యాను పీల్చి తొట్టెలో వేయాలి. ట్యాంకు ఎండినా, ఉప్పు పేరుకుని నాజిలు పూడినా జరిగేది ఒకటే. గులకరాళ్లూ ఆకులూ తొట్టెలోకి, మెత్తని పొడి మా ముక్కుల్లోకి.

అసలు సరుకు ఆ మెత్తని పొడిలోనే ఉంది. బ్రేకు ప్యాడ్ల నుంచి రాలిన రాగి, యాంటిమొనీ అనే లోహం. టైర్లు అరిగి వచ్చిన జింకు. పాత పెయింటు పెచ్చుల సీసం. రేణువు సన్నబడే కొద్దీ లోహం పాలు పెరుగుతుంది. కార్లకు సీసం కలిపిన పెట్రోలు అమ్మడం 2021లో అల్జీరియాతో ప్రపంచమంతా ఆగింది. అప్పటిదాకా రాలిన సీసం కుళ్లదు, ఆవిరైపోదు. రోడ్డు వార మట్టిలో కూర్చుని తమరి బ్రష్షు కోసం ఎదురుచూస్తుంటుంది. నమ్మకం లేకపోతే అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి డివైడరు వారగా దొర్లించి చూడండి. నల్లటి మీసాలు మొలుస్తాయి. అది ఇనుము. రాగీ సీసమూ అలా కూడా దొరకవు.

కూడలిలో గాలి నాణ్యత చూపే బోర్డుంది కదా అంటారేమో. పీఎం10కి, అంటే పది మైక్రాన్లలోపు సన్నని రేణువులకి, ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 24 గంటల సగటున ఘనపు మీటరుకు 45 మైక్రోగ్రాములు. బోర్డు ఆ బరువే చెబుతుంది, అందులో సీసమెంతో చెప్పదు. అది తేలాలంటే దుమ్ము పట్టిన ఫిల్టరు కాగితాన్ని, మామూలుగా ఆమ్లంలో ఉడికించి, ల్యాబులో చూడాలి.

దుమ్ము పేరుకునేది అంచురాయి వారన. అక్కడ కార్లు నిలిపి ఉంటాయి. అందుకని తమరు నడిరోడ్డు మీద, టైర్ల గాలికి అప్పటికే శుభ్రమైపోయిన చోట ఊడుస్తున్నారు! బిల్లు కిలోమీటర్ల లెక్కన అయితే ఇంకేం, మెల్లగా పోతే గిట్టుబాటు ఎలా? ఆ పరుగులో ఫ్యానుకు పీల్చే తీరికేది?

అంతా చేసి తొట్టె ఎక్కడ బోర్లిస్తున్నావ్? ఖాళీ జాగాలో, కప్పకుండా, పొడిపొడిగా. రాత్రి గాలి లేస్తే అదే పొడి మళ్లీ అదే రోడ్డెక్కుతుంది. పాకే పిల్లలు నేల తడిమిన చెయ్యే నోట్లో పెట్టుకుంటారు. ఇంతవరకు ఫరవాలేదనే హద్దు సీసానికి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు, తెలుసా నీకు?

ట్యాంకులో నీళ్లుంటేనే బయలుదేరు. లేకపోతే షెడ్డులోనే పడుకో. నువ్వు రాని రోజు దుమ్ము సగమైనా నేల మీద ఉంటోంది.

ఇట్లు,
నీ వెనకాలే రెండు చక్రాల మీద వచ్చినవాడు