సర్దుకోవడం తెలియని విమానం

నెల్లూరు జిల్లా దగదర్తి విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. నెల్లూరు వాళ్లకి ఓపిక ఎక్కువ కాబట్టి ఆ శిలాఫలకాన్ని ఇప్పటికీ గౌరవంగానే చూస్తున్నారు. ఈలోగా విమానం ఎక్కాలనుకున్న వాళ్లు రేణిగుంటకో చెన్నైకో కారులో పోతున్నారు, ఒంగోలు వాళ్లు గన్నవరం పోతున్నారు. గంటసేపు గాల్లో ఉండటానికి మూడు గంటలు రోడ్డు మీద ఉండాలి. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఒకటి ఉంది. అది అప్పుడప్పుడూ వార్తల్లోకి వచ్చి, అందరికీ ఒకసారి కనిపించి, మళ్లీ పడుకుంటుంది.

కాబట్టి ఇకపై ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టకుండా, నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ కలిగిన కుటుంబాలు తలా ఒక చిన్న విమానం కొనుక్కోవాలని ఈ వ్యాసకర్త ప్రతిపాదిస్తున్నాడు. ఇందులో ఎగతాళి ఏమీ లేదు. రొయ్యల రేటు బాగున్న ఏడాది మన వాళ్లు కొన్న కార్లను చూసినవాళ్లెవరూ దీన్ని ఎగతాళి అనుకోరు.

రన్‌వే సంగతి ఏంటని అడుగుతారు. ఉన్న రన్‌వే గురించి ముందు మాట్లాడుకుందాం. పాత ప్రకాశం జిల్లాలో, అద్దంకి దగ్గర, కొరిశపాడు నుంచి రేణంగివరం వైపు పోయే 16వ నంబరు జాతీయ రహదారిని 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పోసి అత్యవసర రన్‌వేగా మార్చారు. 2024 మార్చి 18న వైమానిక దళం వాళ్లు దాని మీద ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దించారు. సుఖోయ్ యుద్ధ విమానాలు, హాక్ శిక్షణ జెట్లు కూడా వచ్చి విన్యాసాలు చేశాయి. దేశ రక్షణకి అది అవసరమే, కాదనం. కానీ మన కుటుంబాలకి వచ్చే అత్యవసరాల మాటేంటి? పెళ్లిచూపులు పది గంటలకని చెప్పి, తొమ్మిదిన్నరకి కూడా ఇంట్లో ఎవరికీ పిన్నులు దొరక్కపోవడం కంటే పెద్ద అత్యవసరం ఏముంటుంది? పైగా అంత వెడల్పైన, అంత శుభ్రమైన కాంక్రీటు మీద మిరపకాయలు ఆరబోసుకోనివ్వకపోవడం రైతుకి చేస్తున్న అన్యాయం. అది వేరే వ్యాసం.

అసలు చిన్న విమానానికి అంత రన్‌వే అక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కువమంది నడపడం నేర్చుకునే సెస్నా 172నే తీసుకోండి. నాలుగు సీట్లు, ఒక ఇంజన్, రెక్కలు పైన. తయారీదారు ఇచ్చే పుస్తకంలో షార్ట్ ఫీల్డ్ పట్టిక, అంటే పొట్టి రన్‌వేల లెక్క, అని ఒకటి ఉంటుంది. సముద్రమట్టంలో, 40 డిగ్రీల ఎండలో, నిండు బరువుతో బయల్దేరితే నేల వదలడానికి సుమారు 350 మీటర్లు, అక్కడి నుంచి 50 అడుగుల అడ్డం దాటేసరికి మొత్తం సుమారు 590 మీటర్లు. అంటే ఆ హైవే రన్‌వే ఒక్కదానిలో ఆరు కుటుంబాలు వరసగా లేవొచ్చు. ఆ 50 అడుగుల లెక్క ఎవరు పెట్టారో కానీ, ఆయన తప్పకుండా మన పొలాల గట్ల మీద తాటిచెట్లు చూసే ఉంటాడు.

ఎండ సంగతి మాత్రం కొంచెం నిజాయితీగా ఒప్పుకోవాలి. గాలి వేడెక్కితే పలచబడుతుంది. రెక్కకి పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కి పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కి ఊపిరి తగ్గుతుంది. 40 డిగ్రీల నాడు నెల్లూరులో నేల మీద నిలబడ్డ విమానం, తాను దాదాపు 900 మీటర్ల ఎత్తున, ఉదయగిరి దుర్గం మీద ఉన్నానని అనుకుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనకి తెలుసు, రెక్కలు కూడా బద్ధకిస్తాయని పెద్దలు చెప్పలేదు. మరి మన పెళ్లిళ్లు, సెలవులు, జాతరలు అన్నీ ఎండాకాలంలోనే. చల్లటి గాలి దొరికే తెల్లవారుజామున బయల్దేరమంటారు పైలట్లు. ఐదింటికి బయల్దేరదామని రాత్రి అనుకుని ఉదయం ఐదింటికి బయల్దేరిన కుటుంబం ఈ రెండు జిల్లాల చరిత్రలో ఉంటే, ఆ కుటుంబానికి విమానం ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. అసలు అవమానం బరువు దగ్గర మొదలవుతుంది.

ఆ విమానం మొత్తం బరువు 1157 కిలోలు దాటకూడదట. ఖాళీ విమానం బరువు, నిండు ట్యాంకు ఇంధనం బరువు తీసేస్తే మిగిలేది సుమారు 260 కిలోలు. నాలుగు సీట్లు ఇచ్చి 260 కిలోలే ఇవ్వడం ఏం మర్యాదో చూడండి. మనిషికి 65 కిలోలు, అదీ చేతిలో సంచి లేకుండా, కడుపులో ఇడ్లీ లేకుండా. వెనక సామాన్ల అరలో 54 కిలోలకి మించి పెట్టకూడదని ఇంకో ఆంక్ష. మన ఇంట్లో కూతుర్ని చూడటానికి ఊరికే పోతేనే ఒక మొలగొలుకుల బియ్యం మూట, ఆవకాయ జాడీ, మాగాయ జాడీ, మలై కాజా డబ్బాలు, పిల్లకి జంతికలు, పిల్ల అత్తగారికి విడిగా జంతికలు. ఇవి లేకుండా పోతే దాన్ని ప్రయాణం అనరు, కబురు పంపడం అంటారు.

ఇక మనుషుల్ని తూయాలి. మన దగ్గర బరువు అడిగే హక్కు డాక్టరుకొక్కడికే ఉంది, ఆయనకి కూడా నిజం చెప్పం. పైలట్ అల్లుడైతే పరిస్థితి ఊహించుకోండి. ఇంట్లో నమ్మకమైన తూనిక ఒక్కటే, రొయ్యలు తూసే కాటా. అల్లుడు దాన్ని తుడిచి, వరండాలో పెట్టి, భార్య వైపు చూస్తాడు. భార్య తల్లి వైపు చూడదు. అత్తగారు అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు లేని మనిషి కాబట్టి కూతుర్నే అడుగుతుంది. "ఏందే, మీ ఆయన నన్ను రొయ్యల కాటా ఎక్కమంటాడా?" ఆ తర్వాత ఆవిడ చెప్పిన అంకె ఆవిడ పెళ్లినాటిది. అల్లుడు మారు మాట్లాడకుండా అదే రాసుకుంటాడు. బరువు 10 శాతం పెరిగితే పరుగు దూరం 20 శాతం దాకా పెరుగుతుందని పుస్తకాలు చెబుతాయి. అత్తగారి మాట కాదంటే కాపురంలో ఏది ఎంత శాతం పెరుగుతుందో ఏ పుస్తకమూ చెప్పదు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడన్నది కూడా లెక్కేనట. వెనకసీట్లో, సామాన్ల అరలో బరువు ఎక్కువైతే తోక కిందికి లాగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, లేచిన ముక్కుని మళ్లీ దించడం పైలట్ చేతిలో ఉండకపోవచ్చు. కాబట్టి బరువైనవాళ్లని ముందు కూర్చోబెట్టాలి. మన దగ్గర పెద్దవాళ్లు ముందు కూర్చుంటారు. ఈ ఇద్దరూ ఎప్పుడూ ఒకరే కావాలని లేదు. బక్కపలచని మామగారిని వెనక బియ్యం మూట పక్కన కూర్చోబెట్టి, అత్తగారిని ముందు అల్లుడి పక్కన కూర్చోబెట్టడం విజ్ఞానశాస్త్రం ప్రకారం సరైనదే. ఊళ్లో తలెత్తుకు తిరగడం ఎలా అన్నదానికే విజ్ఞానశాస్త్రం దగ్గర జవాబు లేదు. ఆటోలో పన్నెండుమందిని ఎక్కించి, డ్రైవరు అటొక సగం ఇటొక సగం సర్దుకుని కూర్చునే దేశంలో నాలుగు సీట్ల విమానం మాత్రం సర్దుకోనంటుంది. తయారీదారు అమెరికావాడు కాబట్టి ఇంతేనేమో.

తర్వాత పూజ. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టకుండా కదిలించడం మనవల్ల కాదు, అందులోనూ గూడూరు నిమ్మకాయలు చేతికందేంత దూరంలో పండుతుండగా. చక్రాలు మూడే కాబట్టి ఖర్చు తక్కువ. ఇబ్బందల్లా గుమ్మడికాయ దగ్గర. పగిలిన గుమ్మడికాయ, కొబ్బరి చిప్పలు రన్‌వే మీద ఉంటే ప్రొపెల్లర్ వాటిని లాక్కుని విసిరేస్తుందని, చిన్న రాయి తగిలినా బ్లేడు చెడుతుందని పైలట్లు గగ్గోలు పెడతారు. దిష్టి తగిలితే ఏం చెడుతుందో వాళ్ల శిక్షణలో చెప్పరు పాపం.

దిష్టి అయ్యాక దిక్కు. విమానం గాలికి ఎదురుగా లేవాలి. ఎదురుగాలి రెక్కకి సాయం, వెనకగాలి శత్రువు. గంటకి నాలుగు కిలోమీటర్ల వెనకగాలి ఉంటే చాలు, దూరం 10 శాతం పెరుగుతుంది. 18 కిలోమీటర్లయితే సగానికి సగం పెరిగి, 590 మీటర్లు కాస్తా 890 దాకా పోతుంది. మన కోస్తాలో ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి వీస్తుంది. కాబట్టి తూర్పుకి లేవాలి. ఆ రోజు సోమవారమైతే? సోమవారం తూర్పు శూల. మామగారు పంచాంగం మూసి, కళ్లద్దాలు తీసి, "పడమటికి లేపు నాయనా, తర్వాత తిప్పుకోవచ్చు" అంటారు. పడమటి వైపు తాటితోపు ఉంది. అల్లుడు ఒకసారి తాటితోపుని, ఒకసారి మామగారిని చూస్తాడు.

అల్లుడు నేర్చుకున్నది ఇదీ. రన్‌వేలో ఒక్క అడుగు కూడా వృథా చేయకుండా మొట్టమొదటి అంచు నుంచి మొదలుపెట్టాలి. రెక్కల వెనక అంచున కిందికి వంగే ఫ్లాప్స్ 10 డిగ్రీలు దించాలి. బ్రేకులు గట్టిగా తొక్కిపట్టి ఇంజన్‌కి పూర్తి పవర్ ఇవ్వాలి, విమానం వణుకుతుంటే గేజ్‌లన్నీ ఒకసారి చూసుకుని అప్పుడు వదలాలి. లేచాక గంటకి 104 కిలోమీటర్ల వేగాన్ని అడ్డం దాటేదాకా కచ్చితంగా పట్టుకోవాలి. ముక్కుని పైకి ఎక్కువ లాగితే రెక్క ఎత్తలేక వదిలేస్తుంది, తక్కువ లాగితే చెట్టు అందుకుంటుంది. ఇంకొక సూత్రం కూడా ఉంది. రన్‌వే సగం అయ్యేసరికి లేవాల్సిన వేగంలో 70 శాతం రాకపోతే, మారు ఆలోచన లేకుండా ఆపేయాలి.

ఈ ఆఖరిది మన దగ్గర చెల్లదు. ముహూర్తం 10 గంటల 42 నిమిషాలకి పెట్టాక, 43వ నిమిషంలో విమానం ఆపితే దుర్ముహూర్తంలోకి పోతుంది. వెనకసీట్లోంచి "ఏం కాదులే, పోనీ" అనే గొంతు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మునిగిపోతున్న రొయ్యల చెరువులో ఇంకో పంట వేయించిందీ, నిండిపోయిన బస్సులోకి ఇంకొకరిని ఎక్కించిందీ ఆ గొంతే. దానికి ఇంతకాలం రన్‌వే చివర్లో తాటిచెట్టు ఎదురుకాలేదు, అంతే.

దిగడం గురించి ఎక్కువ రాయను. ఫ్లాప్స్ పూర్తిగా దించి గంటకి 113 కిలోమీటర్ల వేగంతో రావాలి, భయంతో 10 శాతం వేగం ఎక్కువ తెచ్చుకుంటే ఆగే దూరం 21 శాతం పెరుగుతుంది. చక్రాలు తాకగానే ఫ్లాప్స్ ఎత్తేసి బ్రేకులు గట్టిగా తొక్కాలి. అత్తగారి ఒళ్లో ఉన్న స్టీలు క్యారియర్‌లో నిన్నటి చేపల పులుసు ఉంటుంది, పులుసు మర్నాటికే బాగుంటుంది కాబట్టి. బ్రేకు పడగానే అది ముందు మూతని నెట్టి, ఆ తర్వాత అద్దం దాకా వెళ్లి, అక్కడి నుంచి గేజ్‌ల మధ్య సందుల్లోకి నిదానంగా దిగుతుంది. వేగం చూపించే ముల్లు చింతపండు రంగులోకి మారిన విమానాన్ని ఏ మెకానిక్ ఒప్పుకుంటాడో తెలుసుకుని మరీ ప్రయాణం పెట్టుకోండి.

అనుమతుల సంగతి చిన్నదే. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు ఎగరాలి. లేచే ముందు ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, వాయు రక్షణ అనుమతి నంబరు తీసుకోవాలి. ఈ ఇంజన్‌కి కావలసిన ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు హైవే బంకుల్లో దొరకదు. ఇండియన్ ఆయిల్ వాళ్లు 2022లో దాన్ని వడోదరలో తయారు చేయడం మొదలుపెట్టారు కాబట్టి, కావలి బైపాస్ దాకా రావడానికి ఇంకొంచెం టైమ్ ఇవ్వాలి. శ్రీహరికోటలో రాకెట్ ఉందంటే ఆ చుట్టుపక్కల ఆకాశం కొన్ని గంటలు మనది కాదు.

అందుకని ఆచరణలో నేను సూచించే పద్ధతి ఇది. అల్లుడు, అత్తగారు, ఒక కాజా డబ్బా విమానంలో. మిగతా అందరూ, బియ్యం మూట, జాడీలు, పులుసు, పంచాంగంతో సహా, ఇన్నోవాలో. ఇన్నోవా వాళ్లు దారిలో టిఫిన్ చేసి, ఒంగోలు చేరి, వియ్యాలవారింట్లో మొదటి విడత భోజనానికి కూర్చుని ఫోన్ చేస్తారు. "ఎంతదాకా వచ్చారు?" అల్లుడు ఫోన్ ఎత్తడు, రెండు కాళ్లూ బ్రేకుల మీద ఉన్నాయి. అత్తగారు ఎత్తి, ఇంజన్ హోరు మీద గట్టిగా అరిచి చెబుతుంది. "ఇంకా నంబరు రాలేదంటమ్మా! పప్పు మా కోసం ఉంచండి, అప్పడాలు ఇప్పుడే వేయించబాకండి!"