బాబ్ మామయ్య

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి మాకు లండన్ వాళ్లతో మీటింగ్. అది వాళ్లు భోంచేసి కూచునే వేళ, మేం మిర్చి బజ్జీల కోసం లేచే వేళ. బిల్లులు పంపడానికి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాన్నెలా వాడాలో అటువైపు నుంచి ఒక పెద్దమనిషి స్క్రీన్ మీద చూపిస్తున్నాడు. చాలా మర్యాదస్తుడు. ప్రతి మాటకీ ముందొక సారీ, వెనకొక థాంక్యూ. "ఇక్కడ బిల్లు ఎక్కించండి, ఇక్కడ తేదీ వెయ్యండి, సబ్మిట్ నొక్కండి, అండ్ బాబ్స్ యువర్ అంకుల్" అని ముగించాడు.

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఊపుతూనే నోట్‌బుక్కులో రాసుకున్నాను: ఒకటి, బిల్లు. రెండు, తేదీ. మూడు, సబ్మిట్. నాలుగు, బాబ్ అంకుల్. నాలుగోదాని కింద రెండు గీతలు కూడా కొట్టాను. మొదటి మూడూ మెషీన్‌తో పనులు, ఇదొక్కటే మనిషితో పని. మనుషులతో పనైతే జాగ్రత్తగా ఉండాలి.

మర్నాడు పొద్దున్నే పదకొండు బిల్లులు ఎక్కించి సబ్మిట్ నొక్కాను. పసుపు రంగులో 'పెండింగ్' అని వచ్చింది. గంట ఆగి చూశాను, పెండింగే. టీ తాగొచ్చి చూశాను, పెండింగే. నోట్‌బుక్ తీస్తే ఇంకేముంది, నాలుగో పని అలాగే ఉండిపోయింది.

పక్క సీటు వరంగల్ తమ్ముడు వాటర్ ఫిల్టరు దగ్గర సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఫిల్టరుకి మూణ్ణెల్లుగా ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. నీళ్లు బొట్లు బొట్లుగా పడతాయి, సీసా నిండేలోపు ఇద్దరు మనుషుల సొంత విషయాలన్నీ మాట్లాడుకోవచ్చు. అడ్మిన్ వాళ్లని అడిగితే టికెట్ రైజ్ చెయ్యమన్నారు. చేశాం. అదీ పెండింగే.

"తమ్ముడూ, ఈ బాబ్ ఎవరు?" అన్నాను.

"ఏమో అన్నా, నాకైతే ఎర్కలేదు. అంకుల్ అన్నడు కదా, ఆళ్ల మామ గావచ్చు. పైన పెద్ద పోస్టుల ఉన్నట్టుంది. ఆయన ఊఁ అంటేనే పైసలు కదుల్తయేమో."

ఈ మాట నా బుర్రకి ఇట్టే ఎక్కింది. నేను పెరిగిన తీరు అలాంటిది మరి. మా మేనమామ తెనాలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేశాడు. హోదా అంతే గానీ, ఆయన్ని ఎరగని కౌంటరు ఊళ్లో లేదు. గ్యాస్ కనెక్షన్, రైల్లో బెర్తు, మాఘమాసంలో కల్యాణమండపం, ఏది కావలసొచ్చినా మా అమ్మది ఒకటే మాట: "మీ మామయ్య చెవిన వేస్తే అయిపోతుంది కదరా." నాకు ఇంటర్లో సీటొచ్చిందీ అలాగే. మామయ్య లోపలికెళ్లాడు, ఎవరితోనో కిళ్లీ పంచుకున్నాడు, నోరు ఎర్రగా చేసుకుని బయటికొచ్చి "ఫీజు కట్టెయ్" అన్నాడు. మార్కుల లిస్టు కవర్లోంచి తియ్యనే లేదు. తియ్యకపోవడమే మంచిదైందనుకోండి.

కాబట్టి లండన్ పెద్దమనిషి "బాబ్ మీ మామ అనుకోండి" అని ధైర్యం చెప్పాడన్నమాట. ఎంత మంచివాడు!

కంపెనీ లిస్టులో వెతికితే ముగ్గురు బాబ్‌లు తేలారు. ఒకడికి పాతికేళ్లు కూడా ఉండవు. వాణ్ణి మామయ్యా అనడానికి నాకు నోరు రాదు. ఇంకొకాయనకి ఫొటో లేదు. మూడో ఆయన తల నెరిసి, కళ్లజోడు ముక్కు కొసకి జారి, చూడగానే దణ్ణం పెట్టాలనిపించేలా ఉన్నాడు. పేరు కింద 'గ్లోబల్ ఫెసిలిటీస్' అని ఉంది. గ్లోబల్ అన్నాక ఇంకేం కావాలి? ఇంగ్లీషులో మెయిల్ కొట్టాను. దాని సారం ఇది: "గౌరవనీయులైన బాబ్ గారికి, తమ మేనల్లుడుగారు తమ పేరు చెప్పారు. మా పదకొండు బిల్లులు తమ దయ కోసం ఎదురుచూస్తున్నాయి." మేనల్లుడుగారికీ కాపీ పెట్టాను. ఎవరి పేరు వాడుకుంటున్నామో వాళ్లకి తెలియకపోతే బాగోదు.

ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. తనకి మేనల్లుళ్లు లేరట, ఇద్దరూ మేనకోడళ్లేనట. నేను చెప్పిన మనిషిని తనెప్పుడూ చూడలేదట. తాను చూసేది ఆఫీసు భవనాల్లో లిఫ్టులూ, ఏసీలూ, నీళ్లూనట. "ఇంతకీ మీ దగ్గర ఏ లిఫ్టు ఆగింది?" అని చివర్లో ఆదుర్దాగా అడిగాడు.

తర్వాత మేనల్లుడుగారు ఫోన్ చేశాడు. మధ్యమధ్యలో దగ్గుతున్నాడు. నవ్వొస్తే దగ్గుగా మార్చుకునే విద్య ఇంగ్లీషువాళ్లకి ఉన్నట్టుంది. ఆ మాటకి అర్థం "ఇంకేముంది, పని అయిపోయినట్టే" అని, అంతకుమించి బాబూ లేడు, మామా లేడని చెప్పాడు. బిల్లులు రాత్రికి వాటంతటవే పాసవుతాయట. అయ్యాయి కూడా.

పరువు పోయినవాడికి నిద్రెలా పడుతుంది? అసలీ బాబ్ ఎవడో తేల్చుకుందామని రాత్రి పదకొండింటికి కూచున్నాను. తేలింది చూసి మంచం మీంచి లేచి నిలబడ్డాను.

1887లో బ్రిటన్ ప్రధాని లార్డ్ సాలిస్‌బరీ. ఆయన అసలు పేరు రాబర్ట్ గాస్కోయిన్ సెసిల్. వాళ్లలో రాబర్ట్‌ని ముద్దుగా బాబ్ అంటారు. ఆ ఏడాది ఐర్లండ్ కౌలు గొడవలతో భగ్గుమంటుంటే, అక్కడి వ్యవహారాలు చూసే చీఫ్ సెక్రటరీ పదవిని ఆయన ఆర్థర్ బాల్ఫోర్ అనే యువకుడి చేతిలో పెట్టాడు. ఇంత పెద్ద పదవి ఇతనికెలా వచ్చిందని ఊరంతా ముక్కున వేలేసుకుంటే, దొరికిన జవాబు ఒకటే: బాబ్ అతని అంకుల్. నలుగురూ చెప్పుకునే కథ ఇదీ. ఇంగ్లీషులో అంకుల్ అంటే బాబాయో, పెదనాన్నో, మామయ్యో తేలి చావదు. నేను కూపీ లాగాను. బాల్ఫోర్ తల్లి బ్లాంచ్, సాలిస్‌బరీకి తోడబుట్టిన అక్క. అంటే సాక్షాత్తూ మేనమామ! ఫిల్టరు దగ్గర సీసా పట్టుకుని వరంగల్ తమ్ముడు చెప్పిన భాష్యమే కదా ఇది. మేమిద్దరం తప్పు చదివామా? నూరేళ్లు ఆలస్యంగా చదివాం, అంతే.

సాలిస్‌బరీ అక్కడితో ఆగలేదు. 1895లో బాల్ఫోర్ తమ్ముడు జెరాల్డ్‌ని అదే ఐర్లండ్ పదవిలో కూచోబెట్టాడు. 1900 నాటికి అల్లుడు నౌకాదళ మంత్రి, కొడుకు విదేశాంగ శాఖలో ఉపమంత్రి. అప్పట్లో లండన్‌లో సెసిల్ పేరుతో ఒక పెద్ద హోటలుండేది. గిట్టనివాళ్లు ఆ ప్రభుత్వానికే 'హోటల్ సెసిల్' అని పేరు పెట్టేశారు. 1902లో మామ ప్రధాని కుర్చీ దిగితే ఎక్కింది ఎవరనుకున్నారు? మేనల్లుడే. మా తెనాలి మామయ్యకి కిళ్లీ దాకానే తెలుసు పాపం.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, అవినీతి ఎలా ఉంటుందో చూడమని. అమ్మ శ్రద్ధగా విని, "ఆ పిల్లాడికి అమ్మానాన్నా ఉన్నారా?" అంది.

"లేరు. తండ్రి 1856లో, తల్లి 1872లో పోయారు."

"అయ్యో! తల్లీ తండ్రీ లేని పిల్లాడు. మేనమామ చూడకపోతే ఎవరు చూస్తార్రా?"

"అమ్మా, పిల్లాడికి ముప్ఫై ఎనిమిదేళ్లు."

"పెళ్లయిందా?"

బాల్ఫోర్ చివరిదాకా బ్రహ్మచారే. ఆ ముక్క చెప్పగానే అమ్మ పూర్తిగా అటువైపు వెళ్లిపోయింది.

ఇక్కడొక చిక్కుంది. నిఘంటువులవాళ్లు ఈ కథకి పూర్తిగా తలూపరు. 1887లో పుట్టిన మాటైతే ఆ రోజుల్లోనే ఏ పత్రికలోనో కనపడాలి. అచ్చులో అది దొరికేది 1920లలో. 1924లో స్కాట్లండ్‌లోని డండీలో ఆడిన ఒక పాటల ప్రదర్శనకి ఆ పేరు పెట్టారు. దాదాపు నలభై ఏళ్లు నోళ్లలో నానిన మాట ఒక్కసారి కూడా కాగితం ఎక్కకుండా ఉంటుందా అని వాళ్ల అనుమానం. ఇంకో దారి కూడా చూపిస్తారు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ వేసిన బజారు మాటల నిఘంటువులో 'అంతా బాబ్' అంటే 'ఢోకా లేదు' అని ఉంది. అదే నిజమైతే మామ లేడు, మేనల్లుడు లేడు. నాకు మాత్రం మామ కథే నచ్చింది. గ్రోస్ సంగతి అమ్మకి చెప్పలేదు.

కథ బాగుంటే నిజం వెనకబడిపోతుందనడానికి మా మామయ్యే సాక్షి. రిటైరయ్యాక ఆయన వాట్సాప్‌లో పడ్డాడు. తొలకరి పడగానే ఏటా ఒక మెసేజ్ పంపుతాడు. కుండపోత వానని ఇంగ్లీషువాళ్లు పిల్లులూ కుక్కలూ కురిశాయంటారు కదా, పూర్వం వాళ్ల గడ్డికప్పుల మీద పిల్లులూ కుక్కలూ పడుకునేవట, వానకి జారి ఇంట్లో పడేవట! ఇది 1999లో ఈమెయిళ్లలో ఊరేగిన కట్టుకథ. మా తాతగారిది తాటాకిల్లు. కప్పు మీద పిల్లిని చూశాను, గుమ్మడిపాదు చూశాను, కుక్కని మాత్రం ఏనాడూ చూళ్లేదు. కుక్కకి నిచ్చెన ఎవరు వేస్తారు? ఇది రాసి పంపితే మామయ్య దణ్ణం బొమ్మ పెట్టి, మళ్లీ అదే మెసేజ్‌ని ఇంకో గ్రూపులోంచి పంపాడు.

ఆఫీసులో లండన్ పెద్దమనిషి నాతో మహా జాగ్రత్తగా ఉండడం మొదలెట్టాడు. ఏ జాతీయం వాడినా ఆగి అర్థం చెప్తాడు. ఆఖరికి హ్యాట్రిక్ అన్నా ఆగాడు. ఇండియావాడికి హ్యాట్రిక్ అర్థం చెప్పడమా! "1858లో షెఫీల్డ్‌లో స్టీఫెన్‌సన్ వరసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, చందాలేసుకుని టోపీ కొనిచ్చారు" అని నేనే చెప్పాను. అతనికి తెలియదట. ఆ ఊపులో నాకు కాస్త పొగరెక్కిందేమో, జారాను.

హైదరాబాద్ నుంచి పాత రసీదులు ఇంకా ఎందుకు రాలేదని అడిగాడు. నేనెవరి పేరు చెప్పను? మావాళ్లని ఎవరిని అడిగినా నీళ్లు నములుతున్నారు. అదే మాట ఇంగ్లీషులో బయటికొచ్చేసింది: "హియర్ ఎవ్రీబడీ ఈజ్ చూయింగ్ వాటర్."

స్క్రీన్ మీద అతను తలూపాడు. ఆ ఊపుడు నేనెరుగుదును. తలూపుతూనే కిందికి చూసి ఏదో రాసుకున్నాడు.

గురువారం బాబ్ గారి దగ్గర్నుంచి మెయిల్. హైదరాబాద్ ఆఫీసులో నీళ్లు నమలాల్సి వస్తోందని తనకి తెలిసిందట. నీళ్లలో ఏమైనా తేలుతోందా, ఫిల్టరు ఎప్పుడు మార్చారు, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని వరసగా ఏడు ప్రశ్నలు. మా అడ్మిన్ హెడ్‌కి కాపీ. కింద సంతకం 'బాబ్', దాని పక్కన కొంటెగా 'మీ అంకుల్'.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు జవాబు మొదలుపెట్టాను. రెండుసార్లూ లేచెళ్లి ఆ ఎర్రలైటు చూసొచ్చాను. ఆఖరికి "ఫిల్టరు మార్చి మూణ్ణెల్లు దాటింది సర్" అని మాత్రం రాశాను. అందులో అబద్ధం లేదు.

సోమవారం పొద్దున పదింటికల్లా ఇద్దరు మనుషులు పాత ఫిల్టరు ఊడబెరికి కొత్తది బిగించి వెళ్లారు. అడ్మిన్ హెడ్ స్వయంగా వచ్చి నిలబడి చూసుకున్నాడు. ఎర్రలైటు పోయి పచ్చలైటు వచ్చింది. వరంగల్ తమ్ముడు సీసా కింద పెట్టి కన్నుమూసి తెరిచేలోగా నిండిపోయింది. గటగటా తాగి, మూతి తుడుచుకుని నావైపు చూశాడు.

"నేను జెప్పలే అన్నా, పైన పెద్ద పోస్టుల ఉన్నడని?"