ఐసీ పోతే ఆట ఆగాలా?

పాత వీడియో గేమ్‌ను రిపేరుకు తీసుకెళితే మెకానిక్ ముందు అడాప్టర్ చూస్తాడు. తర్వాత స్విచ్చి, ఆ తర్వాత టీవీకి వెళ్లే వైరు. అవన్నీ బాగానే ఉంటే మూత విప్పుతాడు. బోర్డు మీద రెండు మూడు చోట్ల మల్టీమీటర్ ముల్లు ఆనించి చూసి, చివరికి ఒక మాట అంటాడు: ‘ఐసీ పోయిందండీ, ఇక రాదు.’ ఐసీ అంటే బోర్డు మీది చిప్పు. ఆ మాటతో పెట్టె మళ్లీ అటకెక్కుతుంది. మన ఊళ్లలోనే కాదు, ఆ యంత్రం పుట్టిన జపాన్‌లోనూ చాలాకాలం ఇదే తీర్పు. చిప్పులను విప్పి చదివి, పోయినవాటి స్థానంలో కొత్తవి పెట్టి ఈ తీర్పును తిరగరాస్తున్న మనుషులు కొందరున్నారు. దాన్ని పైరసీ అనేవాళ్లున్నారు; వాళ్లు చేస్తున్న పని దొంగపని కాదని, రిపేరు పనేనని గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాం.

నింటెండో కంపెనీ ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని 1983 జులై 15న జపాన్‌లో 14,800 యెన్‌లకు విడుదల చేసింది. రెండేళ్లకు అదే యంత్రం ఎన్ఈఎస్ పేరుతో అమెరికా చేరింది. రెండూ కలిపి 6.19 కోట్లు అమ్ముడుపోయాయి. దీన్ని రూపొందించిన ఇంజినీరు మసయుకి ఉయెమురా 2021 డిసెంబరులో కన్నుమూశారు. బజారులో దొరికే చిప్పులతో చేస్తే ధర పెరుగుతుంది, బొమ్మ నాణ్యత తగ్గుతుంది. అందుకే ఆయన బృందం రికో కంపెనీతో ఈ యంత్రం కోసమే రెండు చిప్పులు చేయించింది. ఒకటి లెక్కలు చేస్తుంది, అయిదు రకాల ధ్వనులూ పలికిస్తుంది. రెండోది తెర మీద బొమ్మ గీస్తుంది. మొదటి చిప్పు వేగం 1.79 మెగాహెర్ట్జ్. పని చేసుకోవడానికి దానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. తెలుగు అక్షరాల్లో లెక్క చూస్తే ఈ సంపాదకీయంలో ఒక్క పేరాకు ఆ మెమరీ నిండిపోతుంది. అంత చిన్న చోటులోనే మారియో పరుగెత్తాడు, దూకాడు, పుట్టగొడుగు తిని పెద్దవాడయ్యాడు.

చిక్కంతా ఆ ‘ఈ యంత్రం కోసమే’ అన్న మాటలో ఉంది. కండెన్సర్ ఉబ్బితే కోఠీ గుజరాతీ గల్లీలో కొత్తది దొరుకుతుంది. వోల్టేజి రెగ్యులేటర్ కాలిపోతే ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా పది నిమిషాల పని. కస్టమ్ చిప్పు అలా కాదు. దాన్ని చేసిన ఫ్యాక్టరీ ఆపేసిందంటే ఇక ఎక్కడా పుట్టదు. ఫామికామ్ తయారీని నింటెండో 2003లో ఆపింది. విడిభాగాలు లేవని 2007 అక్టోబరు 31తో రిపేర్లు కూడా ఆపేసింది. ఇరవై నాలుగేళ్లు రిపేరు చేసి ఇవ్వడం గొప్పే, కాదనం. యంత్రం మార్కెట్లోకి వచ్చిన తొలి నెలల్లో ఒక చిప్పు లోపం వల్ల ఆట మధ్యలో ఆగిపోతుంటే, అమ్మిన పెట్టెలను వెనక్కి పిలిపించి బోర్డులు మార్చి ఇచ్చిన కంపెనీ అది. కానీ తలుపు మూసిన రోజున చిప్పుల లోపలి పటాన్ని మాత్రం బయట పెట్టలేదు.

ఆ పటాన్ని గీసుకున్నది బయటివాళ్లు. ఎలా గీశారో తెలిస్తే ఎవరికైనా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. చిప్పు పైనున్న నల్లటి తొడుగును ఆసిడ్‌లో కరిగిస్తారు. లోపల వేలిగోరు కన్నా చిన్న సిలికాన్ ముక్క మిగులుతుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి అతికిస్తారు. ఆ ఫొటో మీద ఒక్కొక్క గీతనూ, ఒక్కొక్క ట్రాన్సిస్టర్‌నూ గుర్తుపడుతూ పోతారు. ఫామికామ్ చిప్పుకు మూలమైన 6502 ప్రాసెసర్‌ను విజువల్ 6502 అనే బృందం ఇలాగే చదివి 2010లో ప్రపంచం ముందు పెట్టింది. అందులో ఉన్నవి సుమారు 3,500 ట్రాన్సిస్టర్లు. తర్వాత ఫామికామ్ చిప్పులు రెండింటినీ ఇదే పద్ధతిలో చదివారు. జీతం ఇచ్చి ఎవరూ చేయించలేదు. సాయంత్రాలు, ఆదివారాలు పెట్టి చేసిన పని ఇది.

ఈ చదువు రిపేరు బల్ల మీదికి ఎలా వస్తుందో చూడటానికి ఎన్ఈఎస్‌లోని తాళం చిప్పు మంచి ఉదాహరణ. అమెరికా మోడల్‌లో పదహారు కాళ్ల చిప్పు ఒకటి అదనంగా పెట్టారు. దాని జోడీ ప్రతి క్యాసెట్‌లోనూ ఉంటుంది. యంత్రంలోది తాళం, క్యాసెట్‌లోది తాళంచెవి. రెండూ ఒకే ప్రోగ్రాంను ఒకే లయలో నడుపుతూ ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. ఎక్కడ తేడా వచ్చినా తాళం చిప్పు యంత్రాన్ని రీసెట్ చేస్తుంది. ఎర్ర దీపం సెకనుకోసారి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, తెర అలాగే కొట్టుకుంటుంది. కంపెనీ అనుమతి లేని క్యాసెట్లను ఆపడానికి చేసిన ఏర్పాటు ఇది. కానీ క్యాసెట్ కూర్చునే 72 పిన్నుల సాకెట్ ఏళ్లు గడిచేసరికి వదులవుతుంది, మురికి పడుతుంది. అప్పుడు సొంత డబ్బుతో కొన్న అసలు క్యాసెట్ పెట్టినా తాళానికి చెవి కనిపించదు. ఆట బాగుంది, యంత్రం బాగుంది, కాపలాదారుడికే చూపు మందగించింది.

దీనికి రిపేరు చేసేవాళ్లు కనిపెట్టిన వైద్యం చాలా చిన్నది. తాళం చిప్పు నాలుగో కాలు దగ్గర సోల్డరింగ్ ఐరన్ మొన ఆనిస్తారు. టంకం కరిగి మెరవగానే పంపుతో లాగేసి, ఆ ఒక్క కాలును బోర్డు నుంచి విడదీస్తారు. తాళమా, చెవా అన్నది ఆ చిప్పుకు చెప్పేది ఆ కాలే. అది విడిపోతే చిప్పు తనను తాను తాళంచెవి అనుకుంటుంది, ఇక రీసెట్ చేయదు. కొందరు తొందరపడి కాలును కత్తిరించేస్తారు. ఓపిక ఉన్నవాళ్లు విరగకుండా పైకి వంచుతారు, రేపు కావాలంటే మళ్లీ పాత చోట అతికించుకోవచ్చు. మా ఓటు ఈ రెండో చేతికే. మరికొందరు ఇంకో అడుగు వేసి, కొద్దిపాటి డబ్బుకు దొరికే చిన్న మైక్రోకంట్రోలర్‌లో, అంటే ప్రోగ్రాం నింపుకోగల చిప్పులో, ఆ తాళంచెవి ప్రోగ్రాంను నింపి కొత్త చిప్పు తయారు చేశారు. క్యాసెట్‌లో పాత చిప్పు చచ్చిపోతే దాని స్థానంలో ఇది కూర్చుంటుంది.

బొమ్మ గీసే చిప్పు కథ ఇంకా పెద్దది. అది రంగులన్నిటినీ తన లోపలే కలిపి ఒకే తీగ మీద టీవీకి పంపుతుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీలకు అది చాలు. ఇప్పటి ఫ్లాట్ టీవీల్లో ఆ బొమ్మ మసకగా, అంచులు కారినట్టు కనిపిస్తుంది. రంగులు విడివిడిగా పంపే చిప్పు ఒకటి ప్లేచాయిస్-10 అనే ఆర్కేడ్ యంత్రాల్లో, అంటే నాణెం వేసి ఆడే పెట్టెల్లో, ఉండేది. మొదట్లో మోడ్ చేసేవాళ్లు, అంటే యంత్రాన్ని తమకు కావలసినట్టు మార్చుకునేవాళ్లు, ఆ యంత్రాలను విప్పి, చిప్పు పీకి తెచ్చి ఎన్ఈఎస్‌లో పెట్టుకున్నారు. ఒక పాత యంత్రం బాగు కోసం ఇంకో పాత యంత్రం ప్రాణం తీయడం అది. అది తప్పేనని చెప్పక తప్పదు. ఆ కోత ఆగడానికి కారణం కొత్త చిప్పులే. ఎఫ్‌పీజీఏ అనే చిప్పుల్లో మనకు కావలసిన సర్క్యూట్‌ను రాసి నింపుకోవచ్చు. అలాంటి చిప్పున్న చిన్న బోర్డును అసలు చిప్పు కింద అమర్చితే, అది ఏం గీయబోతోందో పక్కనుంచి వింటూ అదే బొమ్మను శుభ్రమైన రంగుల్లో, హెచ్‌డీఎంఐలో కూడా ఇస్తుంది. అసలు చిప్పు అక్కడే ఉంటుంది, పని చేస్తూనే ఉంటుంది. ఇందుకోసం నలభై కాళ్ల చిప్పును బోర్డు నుంచి తీయాలి. ఒక్క కాలు దగ్గర తొందరపడినా అడుగున ఉన్న రాగి రేకు లేచి వస్తుంది. చేయి కుదరని వాళ్లు ముందు పనికిరాని రేడియో బోర్డుల మీద సాధన చేయడం మంచిది.

తెలుగు ఇళ్లలోకి ఈ యంత్రం ఎక్కువగా నింటెండో పేరుతో రాలేదు. తొంభైలలో వేసవి సెలవులకు పిల్లలు అమ్మానాన్నల ప్రాణం తీసి కొనిపించుకున్న ‘వీడియో గేమ్’, గంటకింతని అద్దెకు ఆడుకున్న ‘టీవీ గేమ్’ చాలావరకు ఫామికామ్ నకళ్లే. వాటిలో చాలావాటికి తైవాన్ చిప్పులే ఆధారం. కొన్ని నకలు చిప్పుల్లో ధ్వని అమరిక కాస్త అటూ ఇటూ అయింది. అందుకే చిన్నప్పుడు మనం విన్న పాటకూ అసలు యంత్రం పాటకూ గొంతు తేడా వినిపిస్తుంది. తర్వాతి నకళ్లలో చిప్పులన్నిటినీ ఒకే సిలికాన్ ముక్క మీదికి ఎక్కించి, పైన నల్లటి జిగురు బొట్టు పెట్టేశారు. బొట్టు పెట్టిన బోర్డుకు రిపేరు లేదు. కాలు లేదు, సాకెట్ లేదు, పేరు కూడా ఉండదు. అప్పట్లో ఆట రాకపోతే క్యాసెట్ తీసి అడుగున ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. నిజానికి పని చేసింది ఊదడం కాదు, తీసి పెట్టడం. నోటి తడికి పిన్నులు ఇంకా పాడవుతాయి. ఆ క్యాసెట్ ఇప్పటికీ అటక మీద ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో పిన్నులు తుడవండి. నల్లగా వచ్చే మురికి చూస్తే తెలుస్తుంది.

ఇదంతా పైరసీకి దారి కదా అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మోడ్ చిప్పులు పెట్టి దొంగ డిస్కులు ఆడిన కాలం మనమూ చూశాం. ఆట రాసినవాళ్ల కష్టం దోచుకోవడాన్ని మేము సమర్థించం. కానీ చచ్చిన చిప్పు స్థానంలో బతికిన చిప్పు పెట్టడమూ, దొంగ కాపీలు అమ్మడమూ ఒకటి కావు. చట్టం ఈ తేడా చూడాలి. అమెరికా 1998లో చేసిన డిజిటల్ కాపీరైట్ చట్టం తాళాన్ని దాటడమే తప్పంటుంది, ఎందుకు దాటారన్నది తర్వాత. మూడేళ్లకోసారి మినహాయింపులు అడుక్కోవాలి. 2021లో గేమ్ యంత్రాల రిపేరుకు ఇచ్చిన మినహాయింపు డిస్కు డ్రైవ్ దగ్గరే ఆగిపోయింది. 2024లో పాత ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించేందుకు గ్రంథాలయాలు అనుమతి అడిగితే అదీ దొరకలేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. అమ్మేవాడు లేడు, బాగుచేసేవాడిని చేయనివ్వరు. మరి ఆ ఆటలు ఏమైపోవాలి?

ఈ విషయంలో మన చట్టమే కాస్త నయం. కాపీరైట్ చట్టంలోని 65ఎ సెక్షన్ ప్రకారం హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం దాటితేనే నేరం. సక్రమంగా సంపాదించుకున్న ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో పరిశీలించి తెలుసుకోవడానికి 52వ సెక్షన్ వీలిస్తోంది. చిప్పు లేఅవుట్‌ల రక్షణకు 2000లో చేసిన చట్టం కూడా పదేళ్ల వరకే రక్షణ ఇస్తుంది, చదువు కోసం, పరిశోధన కోసం చేసే నకలును తప్పు పట్టదు. ఇంత వెసులుబాటు ఉందని మన మెకానిక్‌లలో ఎంతమందికి చెప్పాం? ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఈ సెక్షన్లన్నీ ఒక పీరియడ్‌లో చెప్పేయవచ్చు.

కళాశాలల మాట వచ్చింది కనుక ఇంకొకటి. చిప్ డిజైన్ చేసే అంతర్జాతీయ కంపెనీలు హైదరాబాద్‌లో వరుసగా ఆఫీసులు పెట్టాయి. చిప్పుల రూపకల్పన నేర్పే వీఎల్ఎస్ఐ చదివే పిల్లలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఇప్పటి చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు. ఏ విద్యార్థీ దాన్ని మొత్తంగా కళ్లతో చూడలేడు. 3,500 ట్రాన్సిస్టర్ల చిప్పునైతే ఒక సెమిస్టర్‌లో చివరి గీత దాకా చదవవచ్చు. చదివినదాన్ని ఎఫ్‌పీజీఏలో రాసి, అటక మీది పెట్టెలో పెట్టి, స్విచ్చి వేసి చూసుకోవచ్చు. మార్కుల టెన్షన్ లేకుండా విద్యార్థి తానే రాత్రి పన్నెండు దాకా ల్యాబ్‌లో కూర్చునే ప్రాజెక్టు ఇది. సోల్డరింగ్ ఐరన్ పట్టకుండానే ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చేతికొస్తున్న రోజుల్లో ఈ ప్రాజెక్టు ఎంతో అవసరం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో చెప్పే సూచీ కోసం 2024లో కమిటీ వేసింది, 2025లో నివేదిక అందుకుంది. మంచి పనే. కానీ చర్చంతా ఇవాళ షాపులో అమ్ముతున్న వస్తువు చుట్టూ తిరుగుతోంది. కంపెనీ చేతులు దులుపుకున్న తర్వాత వస్తువు గతేమిటి? దీని మీద ఒక నిబంధన రావాలి. ఏ కంపెనీ అయినా ఒక వస్తువుకు సర్వీసు ఆపేస్తున్నానని ప్రకటించిన రోజునే, అందులోని కస్టమ్ చిప్పుల కాళ్ల పట్టిక, సర్క్యూట్ పటం, సర్వీస్ మాన్యువల్ ఆ పోర్టల్‌లో పెట్టాలి. వ్యాపార రహస్యం అంటారేమో. అమ్మకం, సర్వీసు రెండూ ఆపేసిన వస్తువులో కాపాడుకోవాల్సిన రహస్యం ఏముంటుంది? ఆసిడ్, మైక్రోస్కోపు పట్టుకుని ఏళ్ల తరబడి బయటివాళ్లు వెతికి రాసుకున్నది కంపెనీ బీరువాలో కొన్ని కాగితాలుగా ఉంటుంది. ఆ కాగితాలు ఇప్పించే నిబంధనను రిపేరు సూచీతో పాటే తేవాలని శాఖను కోరుతున్నాం.